కార్తెల గ్రాఫు

చి.సౌ. అలేఖ్యను నాన్న మనసారా ఆశీర్వదించి రాసే ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అమ్మ మోకాలు ఈ వారం పెద్దగా పేచీ పెట్టలేదు. అక్కడ నువ్వూ, అల్లుడు శశిభూషణ్ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"కంప్యూటర్ క్లాసు మానేశావా నాన్నా?" అని అడిగావు. మానడమా? ఆదివారం తెల్లారేసరికి ఒంగోలు బస్సులో ఉంటున్నాను. నువ్విచ్చిన ల్యాప్‌టాప్‌ని మీ అమ్మ నా పాత పట్టు కండువాలో చుట్టి మరీ ఇస్తోంది. వానల లెక్కలు తేల్చే ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఒక్కటే అక్షరం, ఆర్. నేర్చుకోబోతే మాత్రం ప్రాణం తీస్తుంది. వేదం చెప్పుకునే రోజుల్లో స్వరం తప్పితే మా గురువుగారు చెవి మెలిపెట్టేవారు. ఇక్కడ కామా మరిచిపోతే తెరనిండా ఎర్రక్షరాలు.

మొదటిసారి మన మండలం వానలు గీయిస్తే, నీ పెళ్లినాటి రాత్రి వాన మర్నాటి తేదీలో కనిపించింది. పందిరి తడిసిన రోజు నాకు తెలియదా అని టీచర్ నసీమున్నీసాగారితో వాదానికి దిగాను. ఆవిడ నవ్వి, "రాత్రి కురిసినా కొలిచేది మర్నాడు పొద్దున్నే కదండీ, ఆ తేదీనే వేస్తారు" అంది. సూర్యోదయం దాకా నిన్నటి రోజే అని ఊరందరికీ చెప్పేవాణ్ణి, నాకు తట్టలేదు చూడు.

తేదీలు వెనక్కి జరిపాక, నెలలు తీసేసి కార్తెలు పెట్టాను. మన రైతుల సేద్యమంతా కార్తెల్లోనే కదా. ముప్ఫై ఏళ్ల వాన తెరమీద నిలువు గీతలై లేచింది. వాటితోపాటు నేనూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను అమ్మలూ. మన ఊళ్లో వాన మృగశిరలో ఊరించి, ఆరుద్రలో ముఖం చాటేసి, పునర్వసులో మళ్లీ వస్తోంది. చాలా ఏళ్లు అదే వరస. తొలివానకే పెట్టిన పత్తి మొలక ఎండిపోయేది అందుకేనన్నమాట.

ఇక అసలు సంగతి. ఫోన్లో చెప్పలేకే ఈ ఉత్తరం. పత్తి విత్తడానికి మంచిరోజు చెప్పమని పేరయ్య ఎప్పటిలాగే వచ్చాడు. కౌలుకు తీసుకున్న నల్లరేగడి చేను తప్ప అతనికి వేరే ఆధారం లేదు. నేను పునర్వసులో రోజు చెప్పాను. అది మంచిరోజే. కానీ మృగశిరలోనూ మంచిరోజులున్నాయి. గ్రాఫు చూసి చెబుతున్నానని అనలేకపోయాను. "పంచాంగం అలా ఉంది" అన్నాను.

ఊరంతా తొలివానకే విత్తారు. మొలకలు పచ్చగా లేచాయి. పేరయ్య చేను బోడిగా ఉంది. "పంతులు నిన్ను ముంచాడ్రా" అని కనబడ్డవాడల్లా అతన్ని ఆటపట్టిస్తుంటే నాకు అన్నం సహించలేదు. గ్రాఫు మళ్లీ మళ్లీ గీసి చూసుకున్నాను. ఆ తర్వాత వాన పత్తా లేదు. పక్కచేలల్లో మొలకలు మాడిపోతున్నాయి. ఆ రైతుల ముఖాలు చూస్తే గెలిచానని అనిపించడం లేదు. పునర్వసు ఎల్లుండి ప్రవేశిస్తుంది. అప్పుడైనా వాన వస్తుందో రాదో ఎవరు చెప్పగలరు?

అందుకే నిన్న సాయంత్రం పేరయ్య ఇంటికి వెళ్లి ఉన్నమాట చెప్పేశాను.

"నాకు తెలుసుగదండీ" అన్నాడు. "ఎప్పుడూ పంచాంగం తీసి రోజు చెప్తారు. ఆయేళ అది మూసే ఉంది. మీరు కంప్యూటర్ కేసి చూశారు."

"మరి ఎందుకాగావయ్యా?"

"ఇన్నేళ్లలో మీరు భయపడతా చెప్పింది అదొక్కటేనండీ. ఊరికే భయపడరుగా."

నేను లేచి బయల్దేరాను. పేరయ్య గుమ్మం దాకా వచ్చి, "ఒచ్చే ఉగాదికి పంచాంగంతోపాటు ఆ గీతలు కూడా గుళ్లో చదవండి పంతులుగారూ, అందరం ఇంటాం" అన్నాడు.

చదువుతాను. గుడి గోడకి తెరగా తెల్ల దుప్పటి ఎక్కడ కట్టాలో మీ అమ్మ అప్పుడే చూసి వచ్చింది. గ్రాఫులో కార్తెల పేర్లు తెలుగులో, పెద్దగా పడాలంటే ఆ ఆర్‌లో ఏం రాయాలో చెప్పు. వాటికింద "ఇది తప్పినా తప్పవచ్చు" అన్న ముక్క ఇంకా పెద్దగా పడాలి. ఆ ముక్క నేను ఇంతవరకూ ఏ ఉగాదికీ చదవలేదు.

ఇట్లు,
ఎర్రక్షరాలకు ఇంకా జంకుతున్న మీ నాన్న,
జానకిరామయ్య