నాలుగు నుంచి ఐదుంపావు దాకా

మూడో తేదీ

ప్రియమైన వసపిట్టకి,

ఫోన్‌లో నేను మాట్లాడనని, ప్రశ్నలు మాత్రమే వేస్తానని, ఇకమీద ఏమున్నా ఉత్తరం రాయమని అన్నావు. సరే. రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను. ఇంట్లోని ఆఫీసు గది అలాగే ఉంది. కింద చెప్పులు కుట్టే షాపులోంచి జిగురు వాసన ఇంకా పైకి వస్తోంది. నువ్వు ఉద్యోగానికి వెళ్లాక రిపోర్టులు నేనే టైపు చేసుకుంటున్నాను, రెండు వేళ్లతో. పేజీకి గంట పడుతోంది. ఈ నెల రెండు కేసులు వచ్చాయి. ఒకతనికి తన వ్యాపార భాగస్వామి మీద అనుమానం, ఒకావిడకి భర్త మీద. ఇద్దరి అనుమానమూ నిజమే. ఆవిడ నేనిచ్చిన ఫొటోలు తీసుకుని, థాంక్స్ చెప్పి, బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. మీ అమ్మ అయితే వెళ్లి పక్కన కూర్చునేది.

మీ మావయ్య వచ్చాడు. పాస్టరుగా వచ్చావా, బావమరిదిగా వచ్చావా అని అడిగాను. "కాఫీ ఇస్తే బావమరిదిని, ఇవ్వకపోతే పాస్టర్ని" అన్నాడు. ఇచ్చాను. అయినా లోపలి నుంచి పాస్టరే బయటికొచ్చాడు.

"బావా, నాలుగు నెలలుగా నువ్వు దేవుణ్ణి రోడ్డవతల కారులో కూర్చుని గమనిస్తున్నావు. ఏమైనా కదలిక కనిపించిందా?"

లేదన్నాను.

"ఆయన కూడా నీ గురించి అదే రాసుకుంటున్నాడేమో."

కప్పు తనే కడిగి బోర్లించి వెళ్లాడు. మంచివాడు. చర్చికి ఎందుకు రావడం లేదని సూటిగా అడగలేదు.

నీతో ఒక పని ఉంది. నాలుగేళ్ల పాప కేసు గుర్తుందా? భర్త నన్ను పెట్టుకుని, విడిగా ఉంటున్న భార్య ఇంటిమీద పదకొండు రోజులు నిఘా వేయించాడు. మన రిపోర్టు మీద ఫ్యామిలీ కోర్టు పాపను తండ్రికి అప్పగించింది. ఆ తల్లి మళ్లీ విచారించమని పిటిషన్ వేసింది. పద్దెనిమిదో తేదీన నేను కోర్టులో నిలబడి, నిఘా పుస్తకంలో రాసిందంతా నిజమేనని ఇంకోసారి చెప్పాలి. పది నిమిషాల పని. రిపోర్టు కాపీ ఏ సొరుగులో పెట్టావో రాయి.

ఆదివారాలు సెలవే కదా. ఒక్కసారీ ఇంటికి రాలేదు. ఎందుకని?

చూడు, మళ్లీ ప్రశ్నే వేశాను.

నీ
నాన్న

&nbsp;

ఏడో తేదీ

ప్రియమైన నాన్నకి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రశ్నలు రెండే ఉన్నాయి. మీకిది చాలా గొప్ప విషయం.

ఇక్కడ బాగుంది. బధిరుల పాఠశాల అంటే నిశ్శబ్దంగా ఉంటుందని అనుకున్నాను. బల్లలు బాదుతారు, నేల దద్దరిల్లేలా పరిగెడతారు, అన్నం దగ్గర గిన్నెల మోత. చెవులు పనిచేసేది నాకొక్కదానికే కాబట్టి నాకే తలనొప్పి. ఇన్నేళ్లూ నన్ను వసపిట్ట అని వెక్కిరించారుగా. ఇక్కడ రోజంతా నోరు తెరవకుండా చేతులతో మాట్లాడుతున్నాను.

ఉదయం అందరం ప్రార్థన చేస్తాం. వీళ్లు కళ్లు మూసుకోరు నాన్నా. మూసుకుంటే ముందు నిలబడినవాళ్ల చేతులు ఏం చెబుతున్నాయో తెలియదు కదా. కళ్లు బాగా తెరిచి, ఒకరినొకరు చూసుకుంటూ ప్రార్థిస్తారు. మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. రెండోరోజు నేను ఎక్కడ చూడాలో తెలియలేదు. అమ్మ ఉంటే ఎంత ముచ్చటపడేదో.

రిపోర్టు మూడో సొరుగులో ఉంది, ఆకుపచ్చ ఫైలు. కోర్టుకి తీసుకెళ్లేముందు ఒక్కసారి చదవండి. మొత్తం కాదు. పదకొండోరోజు, మంగళవారం పేజీ చదవండి. నిదానంగా.

ఇంటికి ఎందుకు రావట్లేదో నేను చెప్పను. కనిపెట్టండి. మీ వృత్తి అదే కదా.

మావయ్యకి నా ప్రణామాలు. కాఫీలో పంచదార తక్కువేయండి, ఆయనకి షుగరుంది. అడిగితే లేదంటాడు.

మీ
కూతురు

&nbsp;

పదకొండో తేదీ

ప్రియమైన వసపిట్టకి,

ఫైలు దొరికింది. మంగళవారం పేజీ చదివాను. నీ టైపింగులో ఒక్క తప్పు లేదు.

నువ్వు రాకపోవడానికి కారణం వెతికాను. సమాధి దగ్గర మీ మావయ్య ప్రార్థన చేస్తుంటే నేను పక్కకి వెళ్లి నిలబడ్డాను. అది నిన్ను బాధపెట్టి ఉండాలి. లేకపోతే అమ్మ బట్టలు నిన్నడగకుండా ఇచ్చేశాను, అది. అక్కడ ఎవరైనా అబ్బాయి నచ్చి, నాకు చెప్పడానికి జంకుతున్నావేమోనని కూడా అనుకున్నాను. అదే అయితే పిచ్చిదానా, అతని గురించి ఆరా తీయనని మాటిస్తున్నాను. కనీసం ప్రయత్నిస్తాను.

నిన్న ఆ పాప తల్లి ఉండే వీధికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో అడక్కు. ఆమె స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను. నన్ను చూసి పాదం ఆపి, బయటికొచ్చి కారు అద్దం తట్టింది.

"కారు మార్చలేదే?"

"మీరు నన్నెవరనుకుంటున్నారో" అన్నాను.

"పదకొండు రోజులు ఈ స్తంభం కిందే ఉన్నారు. మా పాప రోజూ మీకు టాటా చెప్పేది. మీరు పేపరు అడ్డం పెట్టుకునేవారు."

ఆమె గొంతు పెంచలేదు. "శుక్రవారం శుక్రవారం రెండు గంటలు చూపిస్తారు, కోర్టు గదిలో. మొన్న నన్ను ఆంటీ అని పిలిచింది. వెంటనే నాలిక్కరుచుకుంది. నాలుగేళ్ల పిల్ల, నేను నొచ్చుకుంటానని సర్దుకుంది" అంది.

ఎదురింటి పెద్దావిడ చేతికర్ర టకటకలాడిస్తూ వచ్చింది.

"ఇతనేనా ఆ కళ్లున్న కబోది?"

"ఊరుకో పిన్నీ" అంది ఈమె.

"ఎందుకూరుకుంటానే? పిల్లకి జ్వరమొస్తే ఇది మందుల షాపుకి పరిగెత్తింది. ఇది అలా వెళ్లగానే నేనిలా వచ్చి పిల్ల పక్కన కూర్చున్నాను. ఈ గేటు తీస్తే వీధి చివరికి వినబడుతుంది. ఇతనికి మాత్రం నేను కనపడలేదట. ఇంట్లోకి ఎవరూ పోలేదని రాశాడు. కోర్టులో ఏమన్నారో తెలుసా? పెద్దామె, రోజులు గుర్తుండవు అన్నారు. నా పెళ్లినాడు ఎవరు ఏ చీర కట్టుకున్నారో చెప్పనా నాయనా? కూర్చుని రాసుకుంటావా?"

నేను కారు స్టార్ట్ చేశాను.

ముసలితనం కదా, ఆవిడ రోజు పొరబడి ఉండొచ్చు. మంగళవారం అనుకుంటోంది గానీ ఏ బుధవారమో అయ్యుంటుంది.

మీ మావయ్యకి పంచదార తగ్గించాను. పసిగట్టాడు. నువ్వే చెప్పావన్నాను.

నీ
నాన్న

&nbsp;

పద్నాలుగో తేదీ

ప్రియమైన నాన్నకి,

బుధవారం అని రాశారు. బుధవారం ఉదయం అమ్మ పోయింది. ఆ రోజు మీరు ఏ వీధిలోనూ లేరు.

మంగళవారం నేనే మీకు ఫోన్ చేశాను. "అమ్మ మిమ్మల్ని అడుగుతోంది, రండి" అన్నాను. గోడ గడియారంలో నాలుగు కొడుతుంటే మీరు వార్డులోకి వచ్చారు. ఆయాసపడుతున్నారు, మెట్లెక్కి వచ్చారు. అమ్మకి కుడివైపు మీరు కూర్చున్నారు, ఎడమవైపు నేను. కాసేపయ్యాక మీ ఇద్దరినీ వదిలి వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. మీరు ఐదింటి తర్వాతే లేచారు.

సమాధి అయిన వారానికి మీరు నిఘా పుస్తకం ఇచ్చి టైపు చేయమన్నారు. పదిహేను నిమిషాలకొక పంక్తి, అది మీ పద్ధతి. ఎవరూ రాకపోతే, ఎవరూ పోకపోతే 'కదలిక లేదు' అని రాయాలి, ఖాళీ వదలకూడదు. మంగళవారం పేజీలో 3.50కి తల్లి ఒక్కతే బయటికి వెళ్లింది. నాలుగు, కదలిక లేదు. నాలుగుంపావు, కదలిక లేదు. ఐదు దాకా అలా ఐదు పంక్తులు. 5.15కి తల్లి తిరిగి వచ్చింది.

జ్వరంతో ఉన్న పిల్లని గంటకి పైగా ఒంటరిగా వదిలిందని కోర్టు నమ్మింది ఆ ఆరు పంక్తుల వల్లే.

నేను టైపు చేశాను నాన్నా. మొదటి పంక్తి దగ్గర వేళ్లు ఆగాయి. మీరు అవతల గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నారు. మీరే వచ్చి ఆ పేజీ తీసేస్తారని చూశాను. రాలేదు. అప్పుడు మిమ్మల్ని అడగాలంటే అమ్మ గురించి మాట్లాడాలి. ఇద్దరికీ చేతకాలేదు. పేజీ పూర్తిచేసి సంతకానికి పెట్టాను. తీర్పు వచ్చిన రోజు ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను.

ఇంటికొస్తే ఆ టైపు మిషను ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. అందుకే రాలేదు. మీ మీద కోపం సగమే. మిగతా సగం నా మీదే.

పొద్దున ప్రార్థనకి నిలబడితే అన్ని కళ్లూ నన్నే చూస్తాయి. ఏం చెప్పాలో నా చేతులకి తెలియడం లేదు.

పద్దెనిమిదికి నాలుగు రోజులున్నాయి. మీరేం చెప్పాలో నేను చెప్పను.

మీ
కూతురు

&nbsp;

పద్దెనిమిదో తేదీ, మధ్యాహ్నం

ప్రియమైన తల్లికి,

కోర్టు క్యాంటీన్‌లో కూర్చుని రాస్తున్నాను. ఇంటికి వెళ్లేదాకా ఆగితే మాటలు దిద్దుకుంటాను.

చెప్పేశాను. మంగళవారం 3.52కి నేను ఆ వీధి వదిలేశాను, ఐదున్నరకి తిరిగి వచ్చాను, అప్పటికి ఆ తల్లి పెరట్లో బట్టలు తీస్తోంది. 5.15 నేను ఊహించి వేసిన టైము. మిగతా ఐదు పంక్తులు కారులో కూర్చుని ఒకేసారి రాశాను.

భర్త తరఫు లాయరు లేచాడు. "ఇప్పుడు అబద్ధమాడుతున్నారా, అప్పుడు ఆడారా?"

"అప్పుడు."

"మరి ఆ సమయంలో ఎక్కడున్నారు?"

"ఆస్పత్రిలో, నా భార్య దగ్గర. మర్నాడు చనిపోయింది."

అతను కూర్చున్నాడు. మంచి లాయరే, ఎక్కడ ఆపాలో తెలుసు. జడ్జిగారు మాత్రం ఆపలేదు. పుస్తకంలో ఖాళీ ఎందుకు వదల్లేదని అడిగారు. ఖాళీ ఉంటే ఎక్కడికి వెళ్లావని అడుగుతారు, ఆ గంట గురించి పరాయివాళ్లకి చెప్పడం ఇష్టం లేకపోయింది అన్నాను. అది నిజమే. మొత్తం నిజం కాదు. అది నీకే చెప్పాలి.

నువ్వు వరండాలోకి వెళ్లాక అమ్మ అడిగింది, "పని మధ్యలో వదిలేసి వచ్చారా?" అని. లేదు, అయిపోయింది అన్నాను. "ఆ పాప ఎలా ఉంది?" నా ప్రతి కేసులోని మనుషుల గురించి అడిగేది. నేను చూసి వచ్చిన మురికంతా ఆమె ప్రార్థనలోకి వెళ్లేది. "నిద్రపోతోంది, వాళ్లమ్మ పక్కనే ఉంది" అన్నాను. తల్లి గేటు దాటి వెళ్లడం కళ్లారా చూసి వచ్చినవాణ్ణి. ఆమె స్థిమితంగా ఉండాలని అన్నాను.

అమ్మ కళ్లు మూసుకుంది. తన కోసం చేసుకుంటుందనుకున్నాను. ఆ తల్లీబిడ్డల్ని విడదీయకు ప్రభువా అని చేసింది. ఒక్కో మాటకి ఊపిరి తీసుకుంటూ. ఆఖరున నావైపు చూసింది. నేను ఆమేన్ అన్నాను.

ఆ గంట గురించి అడిగితే ఆ అబద్ధమూ, ఆ ఆమేనూ బయటపడతాయని భయపడి, తర్వాత కారులో కూర్చుని ఆ ఆరు పంక్తులు రాశాను. వాటితోనే వాళ్లని విడదీశారు.

మీ మావయ్యా, నువ్వూ నాకు దేవుడి మీద కోపమనుకున్నారు. కోపం కాదు. మొహం చెల్లక. సమాధి దగ్గర అందరూ ఆమేన్ అంటారని తెలిసే పక్కకి వెళ్లాను.

చివరి తీర్పు దాకా పాప తల్లి దగ్గరే ఉండాలని ఆర్డరిచ్చారు. ఈ శుక్రవారం అప్పగిస్తారు. నా లైసెన్సు అక్కడే తీసుకున్నారు. దొంగ సాక్ష్యం కేసు వేరే నడుస్తుంది. శిక్ష పడొచ్చు. తల్లి నాతో మాట్లాడలేదు, మాట్లాడనక్కర్లేదు కూడా. పెద్దావిడ మాత్రం వరండాలో ఆగింది.

"ఇప్పటికి కనపడ్డానా నాయనా?"

"కనపడ్డారమ్మా."

ఇంకొకటి. రిపోర్టు టైపు చేసింది ఎవరని జడ్జిగారు అడిగారు. మా అమ్మాయి అన్నాను. ఇది అబద్ధమని ఆమెకి తెలుసా అని అడిగారు. తెలియదు అనేయవచ్చు. నీ ఉత్తరం నా జేబులో ఉంది, ఇంకెవరూ చూడలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మీ అమ్మతో అన్న మాట కూడా అలాగే, ప్రేమతోనే వచ్చింది.

తెలుసు అన్నాను. నేను దిద్దుకుంటానని ఎదురుచూసింది, నేను దిద్దుకోలేదు అన్నాను.

కాబట్టి నీకు కూడా నోటీసు వస్తుంది. ఇరవై ఏడో తేదీన నీ వాంగ్మూలం. స్కూల్లో ఏమనుకుంటారో, ఉద్యోగానికి ఏమవుతుందో నాకు తెలియదు. నిన్ను కాపాడలేదు తల్లీ. క్షమించు.

ముందురోజే రా. నీ మంచం మీద పరిచిన ఫైళ్లు తీసేస్తాను. కోర్టుకి ఇద్దరం కలిసి వెళదాం. నువ్వు లోపల చెబుతున్నంతసేపూ నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. అమ్మ చేసిన ప్రార్థన నాకు మాట మాటా గుర్తుంది. ఆ బెంచీ మీద దాన్ని నేను మళ్లీ మొదటినుంచి చెప్పి చూస్తాను.

ఏ రైలుకి వస్తున్నావో రాయి.

నీ
నాన్న