కాలరు గుండీ

ఆగస్టు 12, 2006, శనివారం. అమీర్‌పేట.

నెలల తర్వాత ఇవాళ చొక్కా పై గుండీ పెట్టుకోగలిగాను. పంజాగుట్ట డాక్టరు నా మెడ తడిమి నవ్వాడు. "లింఫోమా గడ్డ మస్తు తగ్గింది సార్. హెచ్‌ఐవీతో ఒంట్లో శక్తి తగ్గితే, లోపల పడున్న వేరే పాత వైరస్ లేచి దీన్ని తెచ్చింది. కీమో పనిచేస్తుంది. హెచ్‌ఐవీ గోలీలు సుత ఆపకుండ్రి."

"ఆ రోగానికి తోడు క్యాన్సరా, ఇక లాభం లేదు" అని గడ్డ బయటపడ్డప్పుడు నా ముందే తీర్పిచ్చాడు ఎర్రమంజిల్‌లోని మా తమ్ముడు. వాడింట్లో అందరికీ స్టీలు గ్లాసులు, నాకు పారేసే కప్పు. వాడికి చదువు చెప్పింది నేనే!

"రేపు వాడింటికి కాఫీకి వెళ్దాం" అన్నాను.

"గడ్డ కరిగింది గానీ మీ పంతం కరగలేదండీ" అంది మా ఆవిడ.

ఇంకా రెండు కీమోలున్నాయి. భయం పోలేదు. ఆవిడ మాత్రం తెల్లచొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది.