పాత ఫ్యాను చప్పుడు

14వ తేదీ, మంగళవారం. పొద్దున్నుంచీ ముసురు. దుకాణం షట్టరుకు నూనె వేసి, ఈ అర్జీ రాయడానికి ఇంటికి వచ్చాను.

ఇంధన పొదుపు కార్యాలయం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత ఫ్యాన్ల మార్పిడి పథకం కింద నేను అప్పగించిన ఫ్యానును తుక్కు చేయక ముందే తిరిగి ఇప్పించుట గురించి.

నేను తాళాలు బాగుచేసి బతికేవాడిని. బడికి పోలేదు, చదువు దుకాణంలో కూర్చుని నేర్చుకున్నదే. రోజూ వాతావరణం, చేసిన పని, కరెంటు మీటరు అంకె ఒక పుస్తకంలో రాసుకుంటాను. ఆ అలవాటు కొద్దీ పైన అలా మొదలుపెట్టాను. మన్నించాలి.

1. పథకం మీద నాకు ఫిర్యాదు లేదు. కొత్త ఫ్యాను వచ్చాక మీటరు నెమ్మదించింది, నా పుస్తకమే సాక్ష్యం. గాలి బాగా వస్తుంది. చప్పుడు బొత్తిగా లేదు.

2. నా భార్యకు ఆరేళ్లుగా చూపు లేదు. రెండేళ్లుగా జ్ఞాపకం కూడా నిలవడం లేదు. పాత ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒక చోట టక్కుమనేది. మూడో రెక్క విరిగితే నేనే రివిటు కొట్టాను, చప్పుడు దానిది. పగలంతా రెగ్యులేటరు ఒకటి మీద తిరిగేది. సాయంత్రం నేను వచ్చి మూడుకు తిప్పేవాడిని. చప్పుడు వేగం అందుకోగానే ఆమె "వచ్చారా" అనేది. నేను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేవాడిని. మా మధ్య అంతకు మించి మాట అవసరం పడలేదు.

3. కొత్త ఫ్యాను బిగించిన రోజు సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్లాను. ఆమె మంచం మీద లేచి కూర్చుని, "ఎవరయ్యా నువ్వు? అలికిడి లేకుండా తాళం తీశావే. మా ఆయనకు తెలిస్తే ఊరుకోరు" అంది. "నేనే" అన్నాను. ఆ గొంతు ఆమెకు తెలియలేదు. గుర్తుండేంతగా నేను దాన్ని నలభై ఏళ్లలో వాడలేదు.

4. పగలు తోడుండే మా మరదలు "బావగారే అక్కా" అని చెప్పి చూసింది. "మీ బావ వస్తే ఫ్యాను చెబుతుందే. వీడెవడో పాపం, కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు" అంది నా భార్య. పదకొండు రోజులుగా నా ఇంట్లో మంచినీళ్లు పుచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చుంటున్నాను. నేను వచ్చాక తింటానని ఆమె అన్నం సరిగా ముట్టడం లేదు.

5. తమ గుమాస్తా గారిని కలిశాను. "అందరూ ఫ్యాను చప్పుడు చేస్తోందని వస్తారు. చెయ్యట్లేదని వచ్చింది మీరొక్కరే పెద్దాయనా" అన్నారు. పాతది మళ్లీ ఇంట్లో తిరిగితే పొదుపు లెక్క తప్పుతుందనీ, ఇరవయ్యో తేదీన అన్నిటినీ తుక్కు చేస్తారనీ చెప్పారు. ఆయన చెప్పింది న్యాయమే.

6. లెక్క తప్పకుండా నా దుకాణం ఫ్యాను, ఇస్త్రీపెట్టె, మా గదిలో బల్బు అప్పగిస్తాను. బల్బు ఆమెకు ఎలాగూ అక్కరలేదు. నేను అలవాటు పడతాను. పాత ఫ్యాను ఆమె తినేంత సేపే తిప్పుతానని హామీ రాసిస్తాను. గుర్తు: మూడో రెక్క మీద రాగి రివిటు.

ఇరవయ్యో తేదీ లోపల తమరు దయతో చిత్తగించవలెనని మనవి.

తమ విధేయుడు,
సర్వీసు నంబరు 4417 ఇంటివాడు

తా.క. ఇది రాస్తుండగా ఒకటి తోచి చేసి చూశాను. దుకాణం తాళంచెవితో మంచం ఇనుప కోడు మీద కొట్టాను, ముందు మెల్లగా, తర్వాత వేగంగా. "వచ్చారా" అంది. మరదలు కంచం తెచ్చింది. నాలుగు ముద్దలు తిన్నది. చెయ్యి ఆపితే "ఎవరది" అంటోంది. అందువల్ల ఎడమ చేత్తో కొడుతూ కుడి చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే క్షమించాలి. మరదలు ఇంటికి వెళ్లిపోయింది. ఈ కాగితం తమ దగ్గరికి ఎవరు తెస్తారో తెలియదు. మీటరు బయట వరండాలో ఉంది. ఇవాళ్టి అంకె చూసి రావాలంటే చెయ్యి ఆపాలి.