కారు క్లైవ్‌కు, పనిముట్లు రూబీనాకు

చెస్టర్‌ఫీల్డ్ పట్టణం, టానరీ వీధి, 31వ నంబరు ఇంట్లో ఉంటున్న లొరెయిన్ ఆష్‌వర్త్ అనే నేను, యాభై ఏడేళ్ల వయసులో, గుండె ఆపరేషన్‌కు తొమ్మిది రోజుల ముందు, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. లోగడ రాసినవేవీ ఇక చెల్లవు. నా మతి స్థిమితంగానే ఉంది. ఈ మాటను నా తమ్ముడు క్లైవ్ ఎలాగూ శంకిస్తాడు కాబట్టి రుజువు కూడా ఇస్తున్నాను: ఈ ఉదయమే నా కారు కార్బ్యురేటర్లు రెండూ సమంగా గాలి పీల్చేలా సరిచేశాను. మతి తప్పినవాళ్లు చేసే పని కాదది. మతి ఉన్న క్లైవ్‌కు ఇన్నేళ్లలో ఒక్కసారీ చేతకాలేదు.

1. గ్రంథాలయంలో ఇరవై ఏళ్లు నాతో పనిచేసి, యూనియన్ సమావేశాల్లో ప్రతి తీర్మానానికీ నాకు అడ్డం తిరిగిన వెండీ ఓల్డ్‌రాయిడ్‌ను ఈ వీలునామా అమలుకర్తగా నియమిస్తున్నాను. తల ఊపేవాళ్లను నేను నమ్మను. కారు నడిపేటప్పుడు పెట్టుకునే నా తోలు టోపీ, గాలి తగలని కళ్లద్దాలు కూడా ఆమెవే. పైకప్పు లేని కారులో, జోరువానలో, మాట్‌లాక్ ఊరి దాకా నాతో వచ్చింది. దారిలో ఒక్క ఫిర్యాదూ వినలేదు నేను. చేసే ఉంటుంది, ఇంజను మోతలో వినపడి ఉండదు.

2. ఈ ఇంటిని, వేరేగా రాసినవి తప్ప అందులోని సమస్తాన్ని, పక్కింటి ప్లంబర్ రూబీనా మీర్జాకు ఇస్తున్నాను. దీని గొట్టాలన్నీ ఆమె వేసినవే, ఆమె వ్యాను ఇంజను నేను చూసుకున్నదే. మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది: శనివారం కారుకు, ఆదివారం ఇంటికి. నేను గీత దాటిన ప్రతిసారీ గోడ మీదుగా తల పెట్టి, "ఆదివారం కూడా ఆ కారు కిందే దూరావంటే నీ బాత్రూమ్‌కి నేను రాను. బకెట్‌తో పోసుకో, లొరెయిన్" అనేది. అన్నంత పనీ చేసింది, రెండు వారాలు పోసుకున్నాను. పెరటి మెట్టు ఇంకా కదులుతూనే ఉంది, రూబీనా. క్షమించు.

3. ఇక కారు. అది పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన కిట్ కారు. ఆరేళ్ల శనివారాలు పట్టింది కట్టడానికి. అధికారులు రోడ్డెక్కనివ్వాలంటే చెయ్యి తగిలే ప్రతి అంచూ గుండ్రంగా ఉండాలి. నాలుగు నెలలు ఆకురాయితో ఒక్కొక్క అంచే అరగదీశాను. ఆ అధికారుల పరీక్షకు దరఖాస్తు పంపాల్సిన వారమే తుంటి విరిగిన అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి రావాల్సి వచ్చింది. ఆమె కోసం నేను బాగుచేస్తున్న కింది గదికి సగం సీలింగే ఉంది. క్లైవ్ వచ్చి, "అక్కా, నువ్వు సీలింగ్ చూసుకో, కాగితాలు నేను చూసుకుంటా" అన్నాడు. కలిపిన ప్లాస్టర్ ఎవరి కోసమూ ఆగదు. ఆగేది ఆడదే అని వాడికి తెలుసు. నేను నిచ్చెన మీద ఉండగా, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, "వాహనాన్ని కట్టినవారు" అనే గడిలో తన పేరు రాసుకున్నాడు. రుజువుగా జతచేసిన రెండు వందల ఫొటోల్లో ఉన్నవి నా చేతులు. తల కనిపించినవి తీసి పక్కన పెట్టాడు.

కారును పరీక్షకు తీసుకెళ్లి నెగ్గించుకొచ్చిందీ వాడే. సర్టిఫికెట్ వచ్చాక అడిగితే, "ఎవరి పేరుంటే ఏంటక్కా, కారు నీ గ్యారేజీలోనే ఉందిగా" అన్నాడు. అమ్మ మంచం మీద నుంచే, "పోనీలేవే, వాడికి ఉద్యోగం కూడా పోయింది, అదైనా ఉండనీ" అంది. కొత్త సీలింగ్ కింద పడుకుని అంది ఆ మాట. జీవితమంతా ఊళ్లోవాళ్ల హక్కుల కోసం గొంతు చించుకున్నదాన్ని నా వంటింట్లో మూగనయ్యాను. ఈ వీలునామాలో అందరినీ తిడుతున్నాను కాబట్టి నన్నూ వదలను: అది పిరికితనం. ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

4. కిట్ కారు క్లబ్బుకు నేనేమీ ఇవ్వడం లేదు. ఆ ఏడాది కారు కట్టడంలో ఉత్తమ నిర్మాతకిచ్చే బహుమతి డాలు క్లైవ్‌కు ఇచ్చారు. ముప్పై మంది మగాళ్లు, ఒక్కడైనా వాడిని ఇంజను గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. నన్ను మాత్రం అధ్యక్షుడు రెజినాల్డ్ పైక్, శాండ్‌విచ్‌లు ఎవరు చేశారమ్మా అని అడిగాడు. అవి కొన్నవి. ఆయనతో నా వాదన ఇది, జవాబు చెప్పాలనుకుంటే నా సమాధికి చెప్పవచ్చు: అదే డ్రిల్లు, అదే స్పానరు, అదే వెన్నునొప్పి. గ్యారేజీలో పట్టుకుంటే ప్రతిభ, స్నానాలగదిలో పట్టుకుంటే బాధ్యత. సీలింగ్‌కు డాలు ఇచ్చే క్లబ్బు ఈ దేశంలో లేదు, ఎందుకంటే దాని కింద పడుకునేవాళ్లు పైకి చూడరు.

5. కారును క్లైవ్‌కే ఇస్తున్నాను. ఏ షరతూ లేదు. లోకం దృష్టిలో కట్టినవాడు వాడే కదా, తోలుకోనీ.

6. నా పనిముట్లన్నీ, ఏ బోల్టు ఎంత బిగించాలో రాసుకున్న నోటుపుస్తకంతో సహా, రూబీనా మీర్జాకు ఇస్తున్నాను. ఆ కారు గతుకుల్లో నట్లు వదులు చేసుకుంటుంది. ఏటా ఒక్కొక్కటీ బిగించాలి. ఒంటికి ఇనుము లేని ఫైబర్ కారు కాబట్టి దీపం ఆరితే తప్పు బల్బుది కాదు, ఎర్త్ తీగది. క్లైవ్ పోయినసారి ఆరు బల్బులు మార్చాడు. అంతకుముందు, అద్దం అతికించే జిగురూ, బాత్రూమ్ సందులు పూడ్చే సీలెంటూ రెండూ ట్యూబులోనే వస్తాయి కదా అని, ముందద్దానికి బాత్రూమ్ సీలెంట్ పూశాడు. అందులోని ఆమ్లానికి ఏడాదిలో అద్దం చుట్టూ ఉన్న ఇనుప ఫ్రేము తుప్పుపట్టింది. ఇకనుంచి కారు నడవాలంటే వాడు ఈ ఇంటి తలుపు తట్టి, ఒక ప్లంబరమ్మను, ఎలాగో చెప్పమని అడగాలి. రూబీనా, వాడికి నేర్పు. చేసిపెట్టకు.

7. కట్టినవారి పేరు సరిచేయమని పోయిన నెల సంబంధిత కార్యాలయానికి రాశాను. రిజిస్టరైన వాహనానికి ఆ గడి మార్చడం కుదరదని జవాబొచ్చింది. అప్పుడే ఈ కాగితం సంగతి గుర్తొచ్చింది. కోర్టు ఆమోదించాక వీలునామా ప్రజాపత్రమవుతుంది. ఎవరైనా నకలు తెచ్చుకోవచ్చు, నా తమ్ముడు కూడా దాన్ని చింపలేడు. కాబట్టి ఆ రోజు ప్లాస్టర్ చేతులతో నేను నింపలేకపోయిన గడిని ఇక్కడ నింపుతున్నాను.

వాహనం: రెండు సీట్ల ఆకుపచ్చ కిట్ కారు.
కట్టినవారు: లొరెయిన్ ఆష్‌వర్త్.
సహాయకులు: ఎవరూ లేరు.

2023 మార్చి 14, మంగళవారం, చెస్టర్‌ఫీల్డ్.

(సంతకం) లొరెయిన్ ఆష్‌వర్త్

మా ఇద్దరి ఎదుట, మేమిద్దరం ఒకేచోట ఉండగా, ఆమె సంతకం చేశారు:
1. డెనిస్ హాలమ్, బస్సు డ్రైవరు, టానరీ వీధి 27
2. ప్రూడెన్స్ ఒకాఫర్, జిల్లా నర్సు, టానరీ వీధి 35