అరజానెడు లోతున

అయోవా,
అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు కోల్బీ రాసేది.

ఒంటి మట్టుకు నేను బాగానే ఉన్నాను. నువ్వూ, నీ వంట తిని నది మీద బార్జీలు నెట్టుకుపోయే ఆ పడవ వాళ్లూ అంతా క్షేమమని తలుస్తాను. మెంఫిస్ రేవులో మీరు ఆగేసరికి ఈ ఉత్తరం నీ చేతికి రావాలి.

నువ్వు అడిగినవాటికి జవాబులు ముందు రాసేస్తాను. చలికోటు కొన్నాను. పాతదే, కానీ జిప్పు పనిచేస్తుంది. మోకాలు పర్వాలేదు. తింటున్నాను. గది కింద టైర్ల కొట్టు కదా, తినేటప్పుడు కూడా రబ్బరు వాసనే, నీ బీన్స్ సూపు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. తోటపనిలో మా మేస్త్రీ రస్ నన్ను బాగానే చూసుకుంటున్నాడు. "ఒరేయ్, ఆ మొహం కాస్త సరిచేసుకో, ఇంటివాళ్లు జడుసుకుంటున్నారు" అంటాడు. సరిచేసుకోవడానికి నా దగ్గర ఉన్నది ఈ ఒక్క మొహమే.

ఇక మనం అద్దెకున్న ఆ ఇంటి సంగతి. "హేవర్‌క్యాంప్ గారి భార్యను మర్యాదగా అడుగు, ఆ పియోనీ పూలమొక్కల దుంపముక్క ఒక్కటి ఇచ్చినా చాలు, గొడవ మాత్రం పెట్టుకోకు" అని రాశావు. అడిగాను. మొదటినుంచీ చెబుతాను, మధ్యలో కాగితం మడిచి పెట్టేయకు.

పోయిన వారం రస్ ట్రక్కు తీసుకెళ్లి ఆపింది సరిగ్గా ఆ ఇంటిముందే. వెనక కంచె వెంబడి ఉన్న పూలమడి మొత్తం తవ్వేసి అక్కడ ఆవిడ రాళ్లు పరిపించుకుంటుందట. మొక్కలన్నీ వీధివైపుకు మార్చాలి. వచ్చే ఏడు పూలకాలంలో తోటల క్లబ్బు ఆడవాళ్లు చూడటానికి వస్తారట.

ఆ మడి ఎవరిదో నీకు చెప్పాలా? వెనకాల ఎత్తుగా ఫ్లాక్స్, వాటిముందు పియోనీలు, అంచున ఐరిస్‌లు. ఒకటి వాడేసరికి ఇంకొకటి అందుకోవాలని, మంచు పడేదాకా కంచె బోసిగా ఉండకూడదని ఏటేటా మార్చి మార్చి నాటావు. ఫ్లాక్స్‌కి గాలి ఆడక ఆకులమీద బూజు పడితే, సగం కాడలు నాచేత కోయించావు. పియోనీలు అమ్మమ్మ పొలం నుంచి తడిగోనెలో వచ్చాయి. అద్దెకిచ్చిన ఇంటివైపు ఏనాడూ రాని మనిషి, ఆ పూలు చూసే కదా కారాపింది! చూసి, తానే అక్కడ ఉండాలనుకుంది. పోయినేడు ఎండాకాలం దాటకుండా మనల్ని ఖాళీ చేయించింది. ఎండల్లో తీస్తే దుంప చస్తుంది, సెప్టెంబరులో వస్తానని నువ్వన్నావు. "దానికేం లొరెట్టా, నీవే కదా, వచ్చి తీసుకో" అంది. సెప్టెంబరులో వెళ్తే గేటుకు తాళం. మొక్క బాగుండాలని ఆగాం చూడు, అదీ మనం చేసిన తెలివితక్కువ పని.

నన్ను గుర్తుపట్టింది. "నువ్వు లొరెట్టా కొడుకువి కదూ? మంచిదయింది. వీటి స్వభావం నీకు తెలిసే ఉంటుంది."

"తెలుసు మేడమ్. మా అమ్మమ్మ పొలంలోవి ఇవి. ఒక్క ముక్క మా అమ్మకి ఇప్పిస్తారా?"

"అయ్యో బాబూ, ఇప్పుడివి ఈ ఇంటివి కదా! ఆ ముదురెరుపుది ఎక్కడా దొరకని రకమని క్లబ్బులో అన్నారు. అడిగినవాళ్లకల్లా పంచితే నాకేం మిగులుతుంది? మీ అమ్మకి అంత సరదా ఉంటే ఎక్కడైనా నాటుకోవచ్చుగా."

"ఎక్కడ, పడవ మీదా?"

"భలే హాస్యమాడతావే!" అని నవ్వి, కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చుంది. తోట చూసుకోవడానికి కాదు, నా సంచికి కాపలాకి. తిండికి లేచినప్పుడు, "ఏమనుకోకు బాబూ, ఆ డబ్బా ఓసారి తెరువు" అంది. తెరిచాను. రొట్టె, మాంసం ముక్క. రస్ తన బూట్లవైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడే పక్కింటి ఓపల్ మామ్మ కంచె దగ్గరికి పిలిచింది. "అబ్బాయ్, మొన్న మే నెలలో మీ అమ్మ వచ్చి వెళ్లిన సంగతి నీకు తెలుసా?" అంది. నాకు తెలియదు. సమాధులమీద పూలు పెట్టే రోజుకి ముందు, అమ్మమ్మకోసం రెండు పూలివ్వమని నువ్వు ఆ గేటు దగ్గర నిలబడి అడిగావట. అతిథులొస్తున్నారు, బల్లమీదికి కావాలి అందట ఆవిడ. "మీ అమ్మ ఊరికే తలూపి వెళ్లిపోయింది నాయనా. సాయంత్రానికి ఆ పూలన్నీ చెత్తడబ్బాలో ఉన్నాయి. చీమలున్నాయట!" అంది మామ్మ.

నాకెందుకు చెప్పలేదమ్మా? నువ్వు గొడవ వద్దనుకున్నావు. నేను అనుకోలేదు.

భోజనమయ్యాక నాటడం మొదలుపెట్టాను. పియోనీ దుంప మీద ఎర్రటి మొలకకళ్లుంటాయనీ, వాటిపైన రెండువేళ్ల మందాన మట్టి చాలనీ, చలికాలపు చలి ఆ కళ్లకి తగిలితేనే మొగ్గ తొడుగుతుందనీ నేర్పింది నువ్వే. నేను అరజానెడు లోతున పెట్టాను. ఒక్కటి మిగలకుండా అన్నిటినీ. ఎరువు వేశాను, నీళ్లు పోశాను, కాలితో మెత్తగా అదిమాను. రస్ వచ్చి గుంటలోకి చూశాడు, నన్ను చూశాడు, కుర్చీలో ఆవిడను చూశాడు. "కళ్లజోడు లేకపోతే నాకేం కనపడదురా" అన్నాడు. కళ్లజోడు ముక్కుమీదే ఉంది. ఆవిడ మాత్రం నా సంచిమీంచి చూపు తిప్పలేదు.

"ఎప్పటికి పూస్తాయి?" అని అడిగింది.

"ఓపిక పట్టాలి మేడమ్. చోటు మారిస్తే అలుగుతాయి. మొదటి ఏడాదో రెండేళ్లో పూయకపోయినా కంగారుపడకండి."

అది అబద్ధం కాదు, అందుకే నాకింకా బాగుంది. ఆకు మాత్రం నిగనిగలాడుతూ వస్తుంది. తెగులుండదు, పురుగుండదు, తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ప్రతి మే నెలా ఆవిడ కుర్చీ వేసుకుని ఆకులు చూస్తూ కూర్చుంటుంది. "ఏదీ ఆ ముదురెరుపుది?" అని క్లబ్బు వాళ్లు అడుగుతారు. ఫ్లాక్స్, ఐరిస్‌లు సరిగ్గానే నాటాను. అటూ ఇటూ అవి విరగబూస్తుంటే మధ్యలో ఈ బోసితనం ఇంకా బాగా కనపడుతుంది. పనున్నా లేకపోయినా ఆ వీధిలోంచే వెళ్తాను, ట్రక్కు నెమ్మదిగా నడుపుతాను.

"మొక్కలేం పాపం చేశాయిరా" అంటావు. ఏమీ చేయలేదు. నీవి నీకు రానప్పుడు ఆవిడకీ దక్కకూడదు, అంతే. అవి చావవులే. మట్టికింద ఎన్నేళ్లయినా బతుకుతాయి. ఏ సెప్టెంబరులోనో ఎవరైనా తవ్వి కాస్త పైకి నాటితే మళ్లీ పూస్తాయి. నేను మాత్రం తవ్వను. నువ్వు ఏడ్చి అడిగినా తవ్వను. చెప్పకుండా ఉండలేకపోతే ఆవిడకి నువ్వే రాసుకో. అడ్రసు కోసం వెతకక్కర్లేదు. పందొమ్మిదేళ్లు మన ఉత్తరాలన్నీ వచ్చింది అక్కడికే.

ఇట్లు,
నీ మాట వినని, నిన్నెవరైనా ఒక మాటంటే ఊరుకోని నీ కొడుకు
కోల్బీ