దోమతెర నాలుగో కొస

గొల్లపల్లి, బుధవారం రాత్రి

ఆరోగ్య వారోత్సవాల ఎగ్జిబిషన్‌కి ఈరోజూ జనం రాలేదు. తప్పు నాదే. ఇప్పపూలు రాలే రోజుల్లో ఊరంతా తెల్లవారకముందే అడవికి పోవడం ఇక్కడ నర్సుగా మూడేళ్లు చూసి కూడా, పైనుంచి వచ్చిన తారీఖులకు తలూపాను.

మధ్యాహ్నం ఒక్క ముసలమ్మ మాత్రం పూలగంప దించుకుని, నీడకోసం టెంటులోకి వచ్చింది. మలేరియా గురించి చెప్పాల్సిందంతా ఆమె ఒక్కదానికే చెప్పాను. దోమతెర కట్టి చూపించబోతే తనే లేచి వచ్చి నాలుగో కొస పట్టుకుంది.

"మీ ఇంట్ల ఈ కొస ఎవరు పడతరు బిడ్డా?"

"గోడకు మేకు ఉంది అవ్వా."

"మేకుతోని మాట్లాడతవా ఏంది?" అని నవ్వి, నా దోసిట్లో గుప్పెడు పూలు పోసి వెళ్లిపోయింది.

మేకు లేదు. నా దోమతెర మడత కూడా విప్పకుండా పెట్టెలోనే ఉంది. ఊరికంతా చెప్పే నేను ఇప్పుడూ దోమలు కొట్టుకుంటూనే ఇది రాస్తున్నాను. ఈ ఊరికి వచ్చిన వారమే మేకులు, సుత్తి కొన్నాను. కొట్టాలంటే బల్ల ఎక్కాలి, బల్ల ఊగుతుంది. కాస్త పట్టుకోమని ఎవరినైనా పిలవడానికి మూడేళ్లుగా నోరు రాలేదు.