మోకాళ్ల నొప్పులు

డాక్టరు గారికి,

రేపు మీరు పేగు ఆపరేషన్ చేయబోయే టైలరు భార్యను నేను. ఆపరేషన్ తర్వాత ఆయనకు ప్రమాదమెంతో లెక్క కట్టడానికి, "ఆగకుండా రెండంతస్తులు ఎక్కగలరా?" అని నిన్న అడిగారు. "నాకేం, గబగబా ఎక్కేస్తాను. మధ్యలో కూలబడేది మా ఆవిడే, మోకాళ్ల నొప్పులు," అన్నారాయన. మీరు అది రాసుకుని, పెద్దగా భయం లేదన్నారు.

నా మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయండీ. ఆయాసం వస్తోందని ఆయన ఒప్పుకునే రకం కాదు. అందుకే ఆ రొప్పు వినగానే నేనే "అబ్బా, మోకాళ్లు" అంటూ మెట్టు మీద కూర్చుంటాను. నన్ను విసుక్కుంటూ ఆయన ఊపిరి కూడదీసుకుంటారు. ఈమధ్య ప్రతి మలుపులోనూ కూర్చోవాల్సి వస్తోంది.

నిన్న ఆయన ఎదుట ఇది చెప్పలేక, ఇలా రాస్తున్నాను. దయచేసి లెక్క మళ్లీ కట్టండి. నా మోకాళ్ల సంగతి మాత్రం ఆయనకు చెప్పకండి. ఇంటికొచ్చాక మేమిద్దరం మళ్లీ ఆ మెట్లే ఎక్కాలి.